గ్రేడు ఏ ప్లస్, మాస్టారు సున్నా

ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో పదో తరగతి పాసైన పిల్లలుంటే ఆ మెమో బయటికి తీయండి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘికం. అవి చూసే ఉంటారు. పక్కింటివాళ్లకు చూపించే ఉంటారు. ఇంకాస్త కిందికి రండి. కో-కరిక్యులర్ అని ఒక మూల నాలుగు వరుసలుంటాయి. అందులో ఒకటి ఆర్ట్ అండ్ కల్చరల్ ఎడ్యుకేషన్. దాని పక్కన ఒక గ్రేడు. చాలామందికి ఏ ప్లస్.

అబ్బో! ఇంట్లో రవివర్మ తిరుగుతున్నాడని ఇన్నాళ్లూ మీకు తెలియనే లేదా?

ఇప్పుడు ఆ రవివర్మను పిలవండి. "నీకు బడిలో డ్రాయింగ్ ఎవర్రా చెప్పింది?" అని అడగండి. వాడు బుర్ర గోక్కుంటాడు. పీఈటీ సారా? తెలుగు మేడమా? చివరికి నిజం చెప్పేస్తాడు. ఎవరూ చెప్పలేదు. పీరియడ్ లేదు. మాస్టారు లేరు. కాగితం లేదు, కుంచె లేదు. గ్రేడు మాత్రం ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ సోమలింగానికి ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. అంతే తేడా.

సరే, మాస్టారు ఎందుకు లేరు? చదివినవాళ్లు లేకనా? ఆ పప్పులేం ఉడకవు. చదివినవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. వాళ్ల కథే ఇది.

హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ప్రవేశానికి ఫాడీ అని ఒక పరీక్ష. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. కడపలో ఇదే పని కోసం 2020లో మరో విశ్వవిద్యాలయం పెట్టారు. బీఎఫ్ఏ నాలుగేళ్లు. ఎంఎఫ్ఏ ఇంకో రెండేళ్లు. మొత్తం ఆరు. ఆరేళ్లూ చేతివేళ్ల సందుల్లో చార్కోల్ మసి పోదు. స్టిల్ లైఫ్, లైఫ్ స్టడీ, కంపోజిషన్, కళా చరిత్ర. 2బీ నుంచి 8బీ దాకా పెన్సిళ్లు, ఇంపీరియల్ షీట్లు, కాన్వాసులు, రంగుల ట్యూబులు. సెమిస్టర్ ఫీజు ఒక ఎత్తు. రంగుల షాపు బిల్లు ఇంకో ఎత్తు.

రాత్రి పదింటికి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లి చూడండి. ఒడిలో స్కెచ్ బుక్కు పెట్టుకున్న కుర్రాడొకడు ఏదో ఒక మూల ఉంటాడు. బెంచీ మీద నిద్రపోతున్న హమాలీ పాదాన్ని గీస్తుంటాడు. మడమ పగుళ్లు, వేలికి కట్టిన గుడ్డపీలిక, బరువు మోసి పక్కకు ఒరిగిన బొటనవేలు. గీస్తాడు. నచ్చదు. పేజీ తిప్పుతాడు. మళ్లీ గీస్తాడు. రేపు పొద్దున్నకి యాభై స్కెచ్‌లు చూపించాలి. ఇంతలో ఊరి నుంచి ఫోను.

"ఒరే, నువ్వు చదివేదేంట్రా? మీ మామయ్య అడిగితే ఏం చెప్పాలి?"

"బీఎఫ్ఏ నాన్నా."

"అదయ్యాక?"

"బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేరదామని..."

"నోటిఫికేషన్ ఎప్పుడట?"

రైలు కూత పెడుతుంది. వినపడనట్టు ఫోను పెట్టేస్తాడు. పాపం, రైలైనా వేళకొచ్చింది.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం ఏం జవాబిచ్చిందో చూద్దాం. 2024లో తెలంగాణ డీఎస్సీ వేసింది. 11,062 పోస్టులు. ఎస్జీటీలు 6,508. స్కూల్ అసిస్టెంట్లు 2,629. భాషా పండితులు 727. పీఈటీలు 182. మిగిలినవి ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్లు. డ్రాయింగ్ మాస్టారు? ఆ పట్టికలో అలాంటి గడే లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ఏకంగా మెగా డీఎస్సీ వేసింది. 16,347 పోస్టులు. ఎస్జీటీ, స్కూల్ అసిస్టెంటు, టీజీటీ, పీజీటీ, పీఈటీ, ప్రిన్సిపాల్. డ్రాయింగ్ మాస్టారు? మెగాలో కూడా చోటు దొరకలేదు. రాష్ట్రాలు రెండయ్యాయి. పార్టీలు మారాయి. నదీ జలాల మీద కుదరని ఏకాభిప్రాయం ఈ ఒక్క విషయంలో ముచ్చటగా కుదిరింది.

చిత్రకళ నేర్పేవాళ్లు మొదటి రోజు పిల్లల చేత గుండ్రం గీయిస్తారు. కంపాస్ లేకుండా, చేయి ఎత్తకుండా. అది కుదిరిందంటే చేయి తిరిగినట్టే. మన విద్యాశాఖకు చేయి ఎంత తిరిగిందో చూశారా? రెండు నోటిఫికేషన్లలోనూ అదే సున్నా. అదే గుండ్రం. ఎక్కడా వంకర లేదు.

పాపం, అన్యాయంగా మాట్లాడకూడదు. తెలంగాణ గురుకులాలకు 2023లో వేసిన నోటిఫికేషన్లలో ఆర్ట్ టీచర్ పోస్టులున్నాయి. నూటముప్ఫై పైచిలుకు. అదే దఫా టీజీటీలు నాలుగు వేలు. ఆ నూటముప్ఫై కోసం ఎన్నేళ్ల బ్యాచ్‌లు ఎదురుచూశాయో, స్టేషన్ బెంచీ మీద కుర్రాడిని అడగండి.

అయితే బీఈడీ చేసి మరో దారిన టీచర్ అవ్వచ్చుగా అంటారా? అనండి. బీఈడీలో మెథడాలజీలు ఏమున్నాయి? గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం, ఇంగ్లీషు. చిత్రలేఖనం లేదు. దాని బదులు అందరికీ కలిపి డ్రామా అండ్ ఆర్ట్ ఇన్ ఎడ్యుకేషన్ అని ఒక చిన్న పేపరు తగిలించారు. ఒక రికార్డు రాస్తే సరి. టెట్‌లో చిత్రకళకు పేపరే లేదు. అటు ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బొమ్మ గీయడం నేర్పుతారు, పన్నెండేళ్ల పిల్లకు దాన్ని ఎలా నేర్పాలో నేర్పరు. ఇటు బీఈడీ కాలేజీలో ఎలా నేర్పాలో చెబుతారు, బొమ్మ ఊసెత్తరు. ఒకచోట వంట ఉంది, వడ్డన లేదు. ఇంకోచోట వడ్డన ఉంది, వంట లేదు. విస్తరి ముందు కూర్చున్నది మాత్రం మీ పిల్ల.

మరి పాతకాలంలో మాస్టార్లు ఎలా వచ్చేవారు? డ్రాయింగ్ లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు పరీక్షలుండేవి. ఆపైన వేసవిలో నలభై రెండు రోజుల టీటీసీ శిక్షణ. ఉండేవి ఏమిటి, ఇప్పటికీ ఉన్నాయి! నోటిఫికేషన్ వస్తుంది, ఫీజు కడతారు, ఎండలో ఊరుగాని ఊరు వెళ్లి శిక్షణ పూర్తి చేస్తారు, సర్టిఫికెట్ చేతికొస్తుంది. దేనికి సర్టిఫికెట్? ఎత్తేసిన కుర్చీలో కూర్చోవడానికి అర్హత ఉన్నట్టు! పరీక్ష పెట్టే శాఖ పరీక్ష పెడుతూనే ఉంటుంది. పోస్టు ఇవ్వాల్సిన శాఖ ఇవ్వకుండానే ఉంటుంది. ఇద్దరూ తమ పని తాము చేస్తున్నట్టే లెక్క.

ఇక చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం, 2009. అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. తేదీ చూసి నవ్వకండి. ఆ చట్టం షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కళా విద్య బోధకుడు ఉండాలని రాశారు. శుభం. కానీ రెండు చిన్న మెలికలు. ఒకటి, పిల్లలు వంద దాటాలి. రెండు, ఆ బోధకుడు పార్ట్‌టైమ్. అంటే తొంభై తొమ్మిది మంది చదివే పల్లె బడికి కళ అక్కర్లేదు. నూటొకటో పిల్లాడు అడుగు పెడితేనే సరస్వతీదేవి వీణ అందుకుంటుంది. అందుకున్నా సగం రోజే వాయిస్తుంది.

ఆ పార్ట్‌టైమ్ మనిషికి ఇచ్చేదాని పేరు గౌరవ వేతనం. నెలనెలా వస్తే దాన్ని జీతం అంటారు. వచ్చినప్పుడు వస్తే గౌరవ వేతనం అంటారు. 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఉద్యోగులు రోడ్డెక్కి సమ్మె చేశారు. మమ్మల్ని రెగ్యులర్ చేయండి, పే స్కేలు ఇవ్వండి అని అడిగారు. టెంటు కింద కూర్చుని అడిగినవాళ్లలో ఇలాంటి ఆర్ట్ సార్లు, మేడమ్‌లు కూడా ఉన్నారు. వాళ్ల ప్లకార్డులు మాత్రం చక్కగా రాసి ఉంటాయి. చేయి తిరిగినవాళ్లు కదా.

అలాంటి మాస్టారొకరు పనిచేసే బడికి ఒకసారి వెళ్లాను. ఊరు పేరు అనవసరం. మీ ఊరే అనుకోండి. ఆగస్టు పద్నాలుగు. హెడ్మాస్టారు కేక వేశారు.

"మాస్టారూ, రేపు పంద్రాగస్టు. బోర్డు మీద భారతమాత. నేల మీద అశోకచక్రం. ఆకులు ఇరవై నాలుగు. లెక్క తప్పితే ఎమ్మెల్యే గారి ముందు పరువు పోద్ది."

మాస్టారు తలూపారు. బడంతా తిప్పి తన పనితనం చూపించారు. తరగతి గదుల తలుపుల మీద నంబర్లు. బీరువాల మీద అంకెలు. బడిబాట బ్యానరు. వంటగది పక్క గోడ మీద ఆరడుగుల ఎత్తున మధ్యాహ్న భోజనం మెనూ. ఏ రోజు గుడ్డు, ఏ రోజు సాంబారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎంఎఫ్ఏ చదివిన మనిషి జీవితంలో శాశ్వత ప్రదర్శనకు నోచుకున్న ఏకైక చిత్రం అది.

అదృష్టం కొద్దీ ఆ రోజు ఆయనకు ఒక పీరియడ్ దొరికింది. ఏడో తరగతి. పిల్లలందరికీ తలా ఒక వేపాకు ఇచ్చారు.

"ఇది ఏ రంగు?"

"పచ్చ సార్!" గది మార్మోగింది.

"మళ్లీ చూడండి."

నిశ్శబ్దం. రెండు నిమిషాలయ్యాక వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "సార్, ఈనె దగ్గర పసుపు ఉంది." ఇంకొకడు, "అంచు ఎర్రగుంది సార్." మరొకతె ఆకును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, "ఎండలో పెడితే వేరే పచ్చ సార్" అంది. ఇంతవరకూ ఒక్క పెన్సిలూ కదల్లేదు. అయినా పాఠం సగం అయిపోయింది. చెప్పింది నమ్మడం మానేసి కంటికి కనిపించింది చూడటం మొదలెట్టారు పిల్లలు.

అప్పుడే గుమ్మంలో లెక్కల సారు ప్రత్యక్షం. "సిలబస్ వెనకబడింది మాస్టారూ, ఈ పీరియడ్ నాకిచ్చేయండి. రేపు మీకిస్తా." ఇచ్చేశారు. రేపు పంద్రాగస్టు. ఎల్లుండి? డ్రాయింగ్ పీరియడ్ చేబదులు లాంటిది. తీసుకున్నవాడికి గుర్తుండదు, ఇచ్చినవాడికి అడగడానికి మొహమాటం.

ఇక ఢిల్లీ పెద్దల దగ్గరికి వద్దాం. 2005 పాఠ్యప్రణాళిక చట్రం కోసం వేసిన నిపుణుల బృందం కళలను పదో తరగతి దాకా తప్పనిసరి చేయాలని చెప్పింది. ఇరవై ఏళ్లు గడిచాయి. 2020 జాతీయ విద్యావిధానం ఇంకా ముందుకెళ్లింది. బాణభట్టుడిని పిలిచింది. కాదంబరిని పిలిచింది. అరవై నాలుగు కళలను తలచుకుంది. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. నేర్పేవాడి పోస్టు ఎక్కడుందో వెతికితే ఆ పులకరింత దిగిపోతుంది. 2024లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఆరో తరగతికి కృతి పేరుతో కళల పాఠ్యపుస్తకమే తెచ్చింది. మంచి పుస్తకమే కావచ్చు. తెరిచి చెప్పేదెవరు? పుస్తకం తనంతట తాను కుంచె పట్టుకుంటుందా?

దీనికీ వాళ్ల దగ్గర జవాబుంది. కళా సమ్మిళిత బోధన! లెక్కల సారే బొమ్మలతో లెక్కలు చెబుతాడట. సైన్సు మేడమే పాటతో కిరణజన్య సంయోగక్రియ చెబుతుందట. ఆన్‌లైన్‌లో ఒక మాడ్యూల్ నొక్కుకుంటూ పోతే శిక్షణ అయిపోయినట్టే. కళను అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపేశాం అని గర్వంగా చెబుతున్నారు. నిజమే. ఎంత బాగా కలిపారంటే, ఇప్పుడు వెతికినా కనిపించడం లేదు.

ఇదే సూత్రం మిగతావాటికీ వర్తింపజేయరేం? లెక్కలను డ్రాయింగ్‌లో కలిపేసి లెక్కల పోస్టులు ఎత్తేయండి చూద్దాం! తల్లిదండ్రులు మర్నాడే బడికి తాళం వేస్తారు. చిత్రకళ పోతే ఎవరూ వేయరు. ఆ ధైర్యమే ఇదంతా.

పరీక్షలో మాత్రం బొమ్మ కావాలి. గుండె నిలువుకోత పటం గీసి భాగాలు గుర్తించుము. పిల్లాడు గీస్తాడు. వంకాయలా వస్తుంది. మార్కు కోస్తారు. గీయడం నేర్పారా? లేదు. నేర్పని దానికి మార్కు కోసేది వాళ్లే. నేర్పని దానికి ఏ ప్లస్ ఇచ్చేదీ వాళ్లే. సోమలింగం రెండు చోట్లా దొరికిపోయాడు.

ఇంతకీ మన ప్రభుత్వాలకు రంగులంటే గిట్టదనుకుంటే పొరపాటు. ప్రాణం! ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం పంచాయతీ కార్యాలయాలకు వేసిన రంగుల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020లో. ఏ రంగు దేనికి సంకేతమో జీవోలో వ్యాఖ్యానం కూడా రాసింది. బీఎఫ్ఏ చివరి ఏడాది విద్యార్థి కూడా తన కాన్వాసు గురించి అంత లోతుగా చెప్పడు. కోర్టు ఆ రంగులు తుడిచేయమంది. తెలంగాణలో 2024 డిసెంబరులో తెలంగాణ తల్లి విగ్రహం కొత్త రూపంలో వచ్చింది. కిరీటం ఉండాలా, వద్దా? చీర ఏ రంగు? చేతిలో ఏముండాలి? అధికార, ప్రతిపక్షాలు వారాల తరబడి కళా విమర్శ చేశాయి. ఫ్లైఓవర్ల స్తంభాల మీద చేర్యాల బొమ్మలు కావాలి. అతిథులకు కొండపల్లి బొమ్మలు కావాలి. శాలువా మీద కలంకారీ కావాలి. మన చిత్రకారులు తోట వైకుంఠం ఎవరో, లక్ష్మాగౌడ్ ఎవరో పిల్లలకు చెప్పేవాడు మాత్రం అక్కర్లేదు. మనకు అరచేతిలో వైకుంఠం చూపిస్తే చాలు.

ప్రైవేటు బడులు తక్కువ తిన్నాయా? బ్రోచర్ మీద ఈజిల్ ముందు నవ్వుతున్న పాప ఫొటో. లోపల ఆరో తరగతి నుంచే ఐఐటీ పునాది. ఆ పాప ఆ బడిలో చదవదు. ఫొటో ఇంటర్నెట్‌లోంచి దింపుకున్నది. ఆర్ట్ టీచర్ ఉంటాడు. యాన్యువల్ డేకి స్టేజీ కట్టడానికి, అడ్మిషన్ల సీజన్‌లో ఇల్లిల్లూ తిరగడానికి.

మనమో? మనం సుద్దపూసలమా? ప్రాజెక్టు వర్కు అంటే స్టేషనరీ షాపుకెళ్లి రెడీమేడ్ అగ్నిపర్వతం కొనేదెవరు? బొమ్మలేసుకుంటూ కూర్చుంటే కూడెవడు పెడతాడు అని పిల్లాడి చేతిలో పెన్సిల్ లాక్కున్నదెవరు? అదే పెన్సిల్‌ను వేసవిలో సమ్మర్ క్యాంపు వాడి చేతిలో పెట్టి వేలకు వేలు పోసేదెవరు?

వందేళ్లకు ముందు రాజమండ్రిలో ఒక కుర్రాడుండేవాడు. దామెర్ల రామారావు. ఆ ఊరి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. పరాయి దొర. ఆయన ఆ కుర్రాడి చేతిలో ఉన్నది చూశాడు. చూసి ఊరుకోలేదు. బొంబాయి జేజే స్కూలులో చేరే దారి చూపాడు. రామారావు 1925లో, ఇరవై ఏడేళ్లకే మశూచితో పోయాడు. ఆయన బొమ్మలు ఇవాళ్టికీ రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి. అంతా చేసింది ఏమిటి? ఒక మాస్టారు ఒక పిల్లాడిని చూడటం. ఇవాళ ఆ కుర్రాడు మన బడిలో ఉంటే ఏమవుతుంది? క్లాసులో నలభై మంది సైన్సు రికార్డుల్లో బొమ్మలు వాడి చేతే గీయిస్తారు. తర్వాత ఎంపీసీలో చేరుస్తారు.

నాకో అనుమానం. ఇదంతా నిర్లక్ష్యం కాదేమో. వేపాకులో నాలుగు పచ్చలు చూసిన పిల్ల ఊరుకోదు. రేపు బడి గోడను చూస్తుంది. ఐదేళ్లకోసారి ఈ గోడకు రంగెందుకు మారుతుందని అడుగుతుంది. ఫ్లెక్సీలో నాయకుడి ముఖం అంత పెద్దగా, ఊరి చెరువు అంత చిన్నగా ఎందుకుందని అడుగుతుంది. చూడటం నేర్చిన కంటికి గంతలు కట్టడం కష్టం. అంతకన్నా పోస్టు ఎత్తేయడం సులువు కదా?

కాబట్టి ఆ మెమోను మళ్లీ బీరువాలో పెట్టేయకండి. చిన్నపిల్లలు ఇంకా బడిలో ఉంటే, ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లండి. ర్యాంకులు, బస్సు ఫీజులు, మరుగుదొడ్లు అన్నీ అడగండి. చివర్లో ఆ వరుస మీద వేలు పెట్టి ఒక్క మాట అడగండి.

"ఈ గ్రేడు ఇచ్చారు కదా. పాఠం చెప్పిన మనిషిని చూపించండి."